పేర్లు దాచిన నాలుగు వరుసలు

వీధిలో అందరూ ఆమెను పార్లర్ అక్క అంటారు. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆమె అక్కే. తనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అని పిలుస్తుంటే మొదట్లో ఒళ్ళు మండేది, పోనుపోనూ అలవాటైపోయింది. భర్త బస్సు డ్రైవరు. వారంలో సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు. అత్తగారు మాత్రం పొద్దున తలుపు తీసింది మొదలు సాయంత్రం మూసేదాకా పార్లర్లోనే ఉంటుంది. తలుపు పక్కన కుర్చీ వేసుకుని వచ్చేవాళ్ళను కూర్చోబెడుతుంది, పోయేవాళ్ళను సాగనంపుతుంది, ఖాళీ దొరికితే కోడలి మీద చెణుకులు విసురుతుంది.

పార్లర్ పెద్దదేం కాదు. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, తల కడగడానికి ఒక తొట్టి. దాని కుళాయిలో వేడినీళ్ళు వస్తాయో చన్నీళ్ళు వస్తాయో ఆ కుళాయికే తెలియాలి. ఒక మూల తెర కట్టి ఉంటుంది. తెర వెనక బల్ల మీద పాత కంప్యూటరు. ఆ కంప్యూటరులోనే అక్క రెండో దుకాణం, అంటే బ్లాగు ఉంది.

బ్లాగు పెట్టాలని ఆమె కలలేమీ కనలేదు. చుండ్రు ఎందుకొస్తుంది, రంగు వేసుకుంటే కళ్ళు పోతాయా, జుట్టు ఇంత రాలితే నేను బోడిగుండునైపోతానా అని అడిగినవాళ్ళే అడుగుతుంటే, చెప్పిచెప్పి దవడలు నొప్పి పుట్టి, ఒక్కసారి రాసి పడేస్తే పోలేదా అనుకుంది. రాసింది. జనం చదివారు. ఆశ్చర్యం ఏమిటంటే, బాగుందన్నారు కూడా. అత్తగారు మాత్రం, ఇన్నాళ్ళూ మనుషుల తలలు దువ్వావు, ఇప్పుడు కంప్యూటరు తల దువ్వుతున్నావా అని ముక్కున వేలేసుకుంది.

ఊరికే దొరికే బ్లాగు అద్దె ఇల్లు లాంటిది. గోడలు పడగొట్టే హక్కు మనకుండదు. కానీ ఒక పెట్టె ఇస్తారు, అందులో నాలుగు వరుసల కోడ్ అతికిస్తే రంగులు మారతాయి, అక్షరాలు పెద్దవవుతాయి, అక్కర్లేనివి మాయమవుతాయి. అక్కకు కోడ్ రాయడం రాదు. కావలసిన ముక్క వెతికి పట్టుకోవడం, తెచ్చి అతికించడం వచ్చు. కొత్త రంగు తలకు పట్టించే ముందు చెవి వెనక చుక్క పెట్టి చూసినట్టే, కొత్త ముక్కను ఒక పాత పోస్టు మీద వేసి చూసేది. పేజీ వంకర పోతే తీసేసేది, పోకపోతే ఉంచేది. అంతకు మించి శాస్త్రం ఏమీ లేదు.

అయితే ఆమెకొక పద్ధతి ఉంది. పార్లర్లో ఏ సీసా మీదైనా ఆమె చేతిరాతతో ఒక చీటీ ఉంటుంది. ఇది దేనికి, ఎంత వాడాలి, ఎవరికి పడదు అని. కోడ్ ముక్కలకూ అంతే. రెండు వైపులా గీత, చుక్క గుర్తులు పెట్టి మధ్యలో ఏం రాసినా యంత్రం పట్టించుకోదని ఎక్కడో చదివి, ప్రతి ముక్క పైనా అచ్చ తెలుగులో చీటీ రాసుకునేది. 'ఇది పైన పేరు రంగు. గులాబీ మరీ కళ్ళలో పొడిస్తే ఇక్కడ తగ్గించు.' 'ఇది తేదీలు తీసేస్తుంది. పాతవని తెలిస్తే చదవడం లేదు మహాతల్లులు.' 'ఇదెందుకో తెలీదు. తీస్తే అంతా కూలుతోంది. ముట్టుకోకు.' తనకు తప్ప ఇంకెవరికీ కనబడవన్న ధీమాతో, తనతో తాను మాట్లాడుకున్నట్టే రాసుకునేది.

జుట్టు రాలడం గురించి రాసిన పోస్టు కింద ఒక రోజు ఒక వ్యాఖ్య వచ్చింది. 'అక్కా, నాది రాలడం లేదు. పీకుతున్నారు. అక్కడ మళ్ళీ మొలుస్తుందా?' అంతే రాసి ఉంది. అక్క దాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. మొలుస్తుందమ్మా, కానీ ముందు పీకడం ఆగాలి అని జవాబు రాసింది. ఆ జవాబు కింద ఇంకొకామె వచ్చింది, నా సంగతీ అదే అని. ఆ తర్వాత మరొకామె. చూస్తుండగానే చుండ్రు, నూనె, షాంపూ వెనక్కిపోయి, ఆ పోస్టు కింద ఆడవాళ్ళు తమ ఇళ్ళ లోపలి మాటలు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

చిక్కేమిటంటే, వ్యాఖ్య రాయాలంటే పేరు రాయమని పెట్టె అడుగుతుంది. ఈ ఆడవాళ్ళు ఏదో ఆఫీసులో దరఖాస్తు నింపుతున్నట్టు ఇంటిపేరుతో సహా నిజం పేర్లు రాసేశారు. అది చూసి అక్కకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ పూటే వెతికి, పేర్లు దాచే నాలుగు వరుసల ముక్క తెచ్చి అతికించింది. పేజీ తెరిచి చూస్తే ఒక్క పేరూ లేదు, మాటలు మాత్రమే ఉన్నాయి. ఇక ఎవరేం రాశారో తెలిసేది, బ్లాగు లోపలి పద్దుల్లో చూసుకునే తనకొక్కదానికే. తృప్తిగా ఊపిరి పీల్చుకుని అలవాటు ప్రకారం చీటీ రాసింది. 'ఇది వ్యాఖ్యలు రాసినవాళ్ళ పేర్లు దాచేస్తుంది. వీళ్ళ ఇళ్ళలో తెలిస్తే కొంప మునుగుతుంది. చచ్చినా తీయకు.'

మొదటి వ్యాఖ్య రాసినామె ఎవరో అక్కకు తెలుసు. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. జుట్టు కొసలు కత్తిరించడానికి వచ్చినప్పుడు చెవి వెనక రూపాయి బిళ్ళంత ఖాళీ అక్క చేతికి తగిలింది. అక్క అడగలేదు, ఆమె చెప్పలేదు. కానీ లేచి వెళ్తూ, బ్లాగులో పేరు ఎవరికీ కనబడదు కదక్కా అని మాత్రం అడిగింది. అక్క తన ఫోనులో పేజీ తీసి చూపించింది. నేను దాచేశానమ్మా, నా మాట నమ్ము అంది. ఆమె నమ్మింది.

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. ఆమె భర్తది వీధి చివర కంప్యూటర్ల దుకాణం. అక్కకు కంప్యూటరు అమ్మిందీ అతనే, ఆ వీధిలో ఇంటర్నెట్ ఆగిపోతే అందరూ పరిగెత్తేదీ అతని దగ్గరికే. మెత్తగా మాట్లాడతాడు. కీబోర్డు బాగుచేసి ఇచ్చేటప్పుడు గుడ్డతో తుడిచి మరీ ఇస్తాడు. భార్య జుట్టు కత్తిరించుకుంటుంటే బయట బెంచీ మీద ఓపిగ్గా కూర్చుంటాడు. బంగారం లాంటి మనిషి అని అత్తగారు ఎన్నిసార్లు మెచ్చుకుందో లెక్కలేదు.

నెలలు గడిచాయి. పోస్టాఫీసామె ఆ వ్యాఖ్యల్లోనే కొంచెం కొంచెంగా ధైర్యం కూడదీసుకుంది. వేరే ఊరికి బదిలీ అడిగానంది. వంతెన అవతల ఆడవాళ్ళ హాస్టల్ ఒకటి ఉందని ఒకామె చెప్పింది. సామాను మోయడానికి నేనొస్తానని ఇంకొకామె, బస్సెక్కేదాకా తోడుంటానని మరొకామె అన్నారు; ఇద్దరూ పార్లర్‌కు వచ్చేవాళ్ళే. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె అలికిడి లేదు, పార్లర్‌కూ రాలేదు. ఉన్నట్టుండి ఒక రోజు మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. అక్కా, ఆ హాస్టల్ ఎక్కడో సరిగ్గా చెప్పండి, వార్డెన్ నంబరు కూడా ఇవ్వండి అని. నాకు తోడు వస్తామన్న వాళ్ళు ఎవరెవరో మళ్ళీ ఒకసారి చెప్పండి అని. పోనీలే, పిల్ల గట్టి నిర్ణయానికి వచ్చింది అని అక్క పొంగిపోయింది. అడిగినవన్నీ విడమరిచి రాసింది.

ఆ తర్వాత వారానికి, ఒక రోజు పొద్దున ఒక కొత్తామె రంగు వేయించుకోవడానికి వచ్చింది. సైట్లు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగమట. మీ బ్లాగు చూసే వచ్చానంది. అక్క మురిసిపోతూ బ్రష్షు ముంచి పాపిట దగ్గర మొదలుపెట్టింది. నుదుటి దాకా రంగు పూయించుకున్నాక ఆమె నవ్వుతూ ఒక మాట అంది.

"మీ పోస్టుల కంటే మీ కోడ్ మీద రాసుకున్న చీటీలు భలే ఉన్నాయక్కా. 'ఎందుకో తెలీదు, ముట్టుకోకు' అన్నది మా ఆఫీసులో అందరికీ చూపించాను."

అక్క చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అవి మీకెలా తెలుసని అడిగింది. ఏముంది, పేజీ మీద మౌసు కుడివైపు నొక్కితే వెనకాల ఉన్న కోడ్ అంతా కనబడుతుంది, ఎవరైనా చూడొచ్చు అంది ఆమె. ఎవరైనా అన్న మాట దగ్గరే అక్క బ్రష్షు గిన్నెలో పడేసింది. ఒకసారి చూపించమని ఆమెను రంగు పూసిన తలతోనే, మెడకు గుడ్డ కట్టి ఉండగానే లేపి తెర వెనక్కి తీసుకెళ్ళింది.

ఆమె నొక్కింది. తెల్లటి పేజీ మీద సన్నటి అక్షరాలు బిలబిలమంటూ దిగాయి. ఆమె ఒక్కొక్క చీటీ పైకి చదువుతూ నవ్వుతోంది. గులాబీ చీటీ, తేదీల చీటీ అయ్యాయి. పేర్లు దాచే చీటీ దగ్గరికి వచ్చి సగంలో ఆగిపోయింది. మౌసు చక్రం తిప్పింది. కింద వరుసగా పేర్లు. ఇంటిపేర్లతో సహా, ఎవరి మాట పక్కన వాళ్ళ పేరు, చక్కగా పొందికగా ఉన్నాయి.

"ఇవి నిజం పేర్లా అక్కా?" అంది ఆమె. ఆ గొంతులో నవ్వు పోయింది.

అక్క తల ఊపింది. ఆమె మెల్లగా విడమరిచి చెప్పింది. ఈ ముక్క పేర్లను తీసెయ్యదు, చూపించొద్దని కంప్యూటరు తెరకు చెబుతుందంతే. పేర్లు ఎక్కడికీ పోలేదు, మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉన్నాయి. పైగా ఎక్కడ చూడాలో మీ చీటీయే చెబుతోంది అంది. అక్క మొహం చూసి జాలి కలిగిందేమో, మామూలు జనం ఎవరూ ఇలా నొక్కి చూడరులెండి, కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు తప్ప అని ఓదార్చబోయింది.

ఆ ఓదార్పుతో అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. వీధి చివర దుకాణం కళ్ళ ముందు మెదిలింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. నమ్మమని చెప్పిన నోరు తనది. ఆ నోటిమాట మీద ఎంతమంది తమ బతుకులు తెచ్చి ఇక్కడ పోశారో.

ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు. ఆ కొత్తామెకు ఈ గొడవతో ఏం సంబంధం? అయినా పక్కనే నిలబడి ఎక్కడ నొక్కాలో చూపిస్తూ పోయింది. ప్రతి పేరునూ చెరిపి, 'ఒక చెల్లెలు' అని మార్చారు. హాస్టల్ గురించిన మాటలు, వార్డెన్ నంబరు, బదిలీ సంగతి పూర్తిగా తొలగించారు. చీటీలన్నీ తీసేశారు. ఈ హడావిడిలో తల కడిగే సంగతి ఇద్దరూ మరిచిపోయారు. చివరికి కడిగి చూస్తే ఆ జుట్టు కోరుకున్న గోధుమ రంగు దాటి కాకి నలుపైంది. పోనీలెండి అక్కా, మీరు ముందు ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పండి అని ఆమె తడి తలతోనే వెళ్ళిపోయింది.

పోస్టాఫీసామెకు ఫోను చేద్దామంటే, ఆ ఫోను సెట్ చేసి ఇచ్చింది ఆమె భర్తే. అక్క చెప్పులు వేసుకుంది. ఎక్కడికే ఈ ఎండలో అని అత్తగారు అడుగుతున్నా వినిపించుకోలేదు.

పోస్టాఫీసుకు వెళ్ళాలంటే కంప్యూటర్ల దుకాణం ముందునుంచే దారి. తల వంచుకుని గబగబా దాటేద్దామనుకుంది. కానీ అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, చేతిలో తుడిచే గుడ్డ.

"ఎక్కడికి అక్కగారూ ఇంత కంగారుగా?" అన్నాడు.

అత్తయ్యకు మాత్రలు తేవాలని అబద్ధమాడింది. మందుల దుకాణం అటువైపు లేదని ఇద్దరికీ తెలుసు. అతను నవ్వాడు. మీ బ్లాగు వదలకుండా చదువుతుంటానన్నాడు. మధ్యాహ్నం దుకాణం తలుపు దగ్గరికి వేసుకుని, అన్నం తింటూ అదే పని అన్నాడు. ఎంత ఓపిగ్గా జవాబులు రాస్తారండీ మీరు, అడగడం ఆలస్యం అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా అక్క వీపు మీద చెమట కారడం ఆమెకే తెలిసింది. ఏదో గొణిగి ముందుకు నడిచింది. వీధి మలుపు తిరిగేదాకా అతని చూపు తన మెడ మీదే ఉన్నట్టనిపించింది.

పోస్టాఫీసులో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి ఎవరికీ అందడం లేదు. కౌంటరు ముందు నలుగురైదుగురు వరుసలో ఉన్నారు. అద్దం వెనక ఆమె తల వంచుకుని పార్సిళ్ళ మీద ముద్రలు కొడుతోంది. చెవుల మీదుగా జుట్టు లాగి బిగించి ముడి వేసుకుంది. వరుస కదులుతుంటే అక్క ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంది. తన వంతు వచ్చేసరికి కూడబలుక్కున్నదంతా గాలికి పోయింది.

"పేర్లు కనబడుతున్నాయమ్మా," అంది అద్దం కింది కంతలోకి వంగి. "వెనకాల కనబడుతున్నాయి. నేను దాచాననే అనుకున్నాను."

ఆమె తల ఎత్తలేదు. ఇంకో పార్సిల్ మీద ముద్ర కొట్టింది. "తెలుసక్కా."

"ఎలా తెలుసు?"

"ఆయన చూపించారు. మీరు రాసుకున్న చీటీ కూడా చదివి వినిపించారు. కొంప మునుగుతుందని రాశారుగా, అది." ఒక క్షణం ఆగింది. "పోయిన వారం నుంచి నా పేరుతో అక్కడ రాస్తున్నది నేను కాదు."

అక్కకు ఆ మాట బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక, తాను విడమరిచి రాసిన జవాబులన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. హాస్టల్ ఎక్కడో ఎవరికి చెప్పింది. వార్డెన్ నంబరు ఎవరికిచ్చింది. తోడు వస్తామన్న ఇద్దరి సంగతీ ఎవరి చేతిలో పెట్టింది. జాగ్రత్తగా ఉండమ్మా, మేమంతా ఉన్నాం అని ఎవరికి ధైర్యం చెప్పింది. అంతా అతనికే. దుకాణంలో అన్నం తింటూ అతను అడిగాడు, తెర వెనక కూర్చుని తాను పొంగిపోతూ చెప్పింది. నీ వైపు ఎంతమంది ఉన్నారో చూద్దాం అన్నాడట భార్యతో. రోజూ సాయంత్రం అక్క జవాబు చూపించి, చూశావా, మీ అక్క నాకెంత బాగా చెబుతుందో అనేవాడట. ఉద్యోగం మానిపిస్తే నలుగురూ ఎందుకని అడుగుతారు కాబట్టి, పొద్దున తీసుకొచ్చి దింపుతాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. అంతకు మించి కదలనివ్వడు.

ఇదంతా ఆమె ముద్రల చప్పుడు మధ్య, వెనకవాళ్ళకు వినబడకుండా, ఏదో రేట్లు చెబుతున్నట్టు చెప్పింది. చెప్పి, చివరికి బతిమాలుతున్నట్టుగా అంది.

"మీరు మాత్రం అక్కడ ఏమీ మార్చకండి అక్కా. మారిందంటే నేనే మీకు చెప్పాననుకుంటారు."

అక్క కంత దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. ఆమె అప్పుడు తల ఎత్తి చూసింది.

"తీసేశారా?"

"ఇప్పుడే. అన్నీ."

ముద్ర పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆమె గోడ గడియారం వైపు చూసింది. అక్క కూడా చూసింది. అతను తలుపు దగ్గరికి వేసుకుని అన్నం గిన్నె తెరిచే వేళకు ఇంకా కొంచెం సమయమే ఉంది. ఆమె మొహంలో రక్తం చుక్క లేదు. అయినా చేతిలో పార్సిల్ పని పూర్తిచేసి, రసీదు చింపి, పక్కన ఎదురుచూస్తున్న మనిషికి ఇచ్చింది. తర్వాత కౌంటరు మూసినట్టు బోర్డు పెట్టి, బల్ల కింద నుంచి చేతిసంచీ తీసుకుని, లోపలి తలుపు వైపు నడిచింది. వరుసలో ఉన్నవాళ్ళు సణుగుతున్నారు. అక్క బయటనుంచి చుట్టూ తిరిగి వెనక పెరట్లోకి పరిగెత్తింది.

ఖాళీ గోనెసంచులు గుట్టగా పడి ఉన్న చోట ఆమె కలిసింది. ఫోను తీసి ఆపేసి ఆ సంచుల మధ్య వదిలేస్తోంది. అక్కకు ఊపిరి ఆడడం లేదు. మా ఆడపడుచు ఇల్లుంది, అక్కడికి వెళ్దాం అంది. ఆమె అడ్డంగా తల ఊపింది. ఆవిడ గురించి మీరే ఒకసారి రాశారు, ఆయన చదివారు అంది. హాస్టల్ లేదు, వంతెన లేదు, బదిలీ ఊరు లేదు. ఆ పేజీ మీద ఉన్న చోట్లన్నీ ఆమెకు మూసుకుపోయాయి.

"మరి ఎక్కడికి వెళ్తావమ్మా?"

ఆమె అక్క వైపు నిదానంగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే అక్కకు కొంచెం తేలికగా ఉండేది.

"మీకు చెప్పను అక్కా," అంది.

గేటు దాటి, సందులో జనంలో కలిసిపోయింది. ఎటు తిరిగిందో కూడా చూడకూడదని అక్క గోడ వైపు తిరిగి నిలబడింది. అలా నిలబడే హాస్టల్ వార్డెన్‌కు ఫోను చేసి, ఎవరొచ్చి ఏం అడిగినా గేటు తీయొద్దని చెప్పింది. తోడు వస్తామన్న ఇద్దరికీ చేసింది. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె తిట్టింది. అక్క రెండూ విని, తప్పు నాదేనమ్మా అంది. ఇంకేమంటుంది?

పార్లర్‌కు తిరిగి వచ్చేసరికి అతను అక్కడే ఉన్నాడు. అత్తగారు ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. పక్కన అన్నం గిన్నె మూత తీయకుండా అలాగే ఉంది. అక్కను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. పోస్టాఫీసుకు ఫోను చేస్తే కౌంటరులో లేదన్నారండీ, మీ దగ్గరికేమైనా వచ్చిందా అని అడిగాడు. రాలేదంది అక్క. ఒకసారి మీ కంప్యూటరు చూస్తానన్నాడు, ఏదో రిపేరుకు వచ్చినవాడిలా. అక్క పక్కకు తప్పుకుంది.

తెర వెనక అక్క కుర్చీలో అతను కూర్చున్నాడు. పేజీ తెరిచాడు, కుడివైపు నొక్కాడు. పై నుంచి కింది దాకా ఒక్కొక్క వరుస, వేలితో కంప్యూటరు తెర మీద తాకుతూ చదివాడు. మాత్రల కోసం వెళ్ళిన మనిషి చేతిలో మాత్రలు లేవని అతను గమనించాడో లేదో తెలియదు. అక్క గోడకు ఆనుకుని నిలబడింది. ఎక్కడైనా ఒక్క పేరు మిగిలిపోయిందేమో, ఒక్క చీటీ మరిచిపోయానేమో అని తానూ అతని వేలి వెంటే చదువుతోంది. తనకు తెలియని మూలలు ఆ పేజీకి ఇంకా ఎన్ని ఉన్నాయో. అతని వేలు ఎక్కడ ఆగితే అక్కడ ఆమె ఊపిరి ఆగింది. 'ఒక చెల్లెలు', 'ఒక చెల్లెలు' అంటూ అతను ఒకటి రెండుసార్లు పైకే చదివాడు.

"బాగా శుభ్రం చేశారే," అన్నాడు చివరికి. కుర్చీ తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ మెత్తటి గొంతు ఏమాత్రం మారలేదు. "అది మీకు చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళదు. లోకంలో దానికి మీరొక్కరంటేనే నమ్మకం. ఎక్కడికెళ్ళిందో చెప్పండి."

అతను లేచాడు. తెరకూ బల్లకూ మధ్య ఇద్దరు నిలబడే చోటు లేదు. అతని ఒంటి మీది వైర్లు కాలిన వాసన ఆమెకు తగిలింది. మూడడుగుల అవతల అత్తగారు దగ్గుతోంది, అయినా ఆమె ఎక్కడో ఊరి అవతల ఉన్నట్టుంది. ఏం చెప్పినా అబద్ధమనుకుంటాడు, తాను అబద్ధాలకు పనికిరాదని పొద్దున్నే తేలిపోయింది. అక్కకు ఒక్కసారిగా దుఃఖం ఎగదన్నింది. భయంతో వచ్చిన దుఃఖం కాదది.

"అడిగాను," అంది. "నాకు చెప్పనంది."

ఆ మాట అనేసరికి కళ్ళలో నీళ్ళు జారాయి. అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తలుపు మూసి ఉన్నా లోపల ఏముందో చదవగలిగిన మనిషి. చదివాడు. అక్కడ అబద్ధం ఏమీ దొరకలేదు. దొరికిందల్లా, నమ్మి వచ్చిన మనిషి ఇక నిన్ను నమ్మనంటే కలిగే నొప్పి. అతని చూపు మొదటిసారి తడబడింది.

తెర పక్కకు జరిగింది. అత్తగారు నిలబడి ఉంది, చేతిలో అతని అన్నం గిన్నె. ఆడవాళ్ళు వచ్చే వేళైంది నాయనా, ఇక లే, అని గిన్నె అతని చేతిలో పెట్టింది. బంగారం లాంటి మనిషని మెచ్చుకున్న నోరే అది. కానీ ఆ పూట ఆ గొంతులో మన్నన లేదు. అతను గిన్నె పట్టుకుని వెళ్ళిపోయాడు. అక్క తల కడిగే తొట్టి పక్కన నేల మీద చతికిలబడింది. అత్తగారు వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చి, కోడలి పక్కనే నేల మీద కూర్చుంది.

తర్వాత అతను చాలాసార్లు వచ్చాడు. ఒకసారి బతిమాలాడు, ఒకసారి బెదిరించాడు, ఒకసారి ఏమీ అనకుండా ఎదుటి బెంచీ మీద పొద్దంతా కూర్చున్నాడు. వచ్చిన ప్రతిసారీ అక్క ఒకటే జవాబు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, నిజమే చెబుతున్నా, ఆమె గొంతు వణికేది. కొన్నాళ్ళకు అతను రావడం మానేశాడు. పోస్టాఫీసు కౌంటరులో ఇంకెవరో కూర్చున్నారు.

ఆ చెల్లెలు ఏ ఊళ్ళో ఉందో, జుట్టు మళ్ళీ మొలిచిందో లేదో అక్కకు ఇప్పటికీ తెలియదు. ఒక కబురు లేదు, ఒక అక్షరం లేదు. అప్పుడప్పుడు పనిలో ఉండగా గుర్తొచ్చి చేతిలో కత్తెర ఆగిపోతుంది. ఎవరినైనా అడిగి తెలుసుకుందామా అనిపిస్తుంది. వెంటనే భయమేస్తుంది. తెలిస్తే తన దగ్గర దాగదని ఆమెకు తెలుసు. మళ్ళీ కత్తెర కదిలిస్తుంది.